పార్కింగ్ లాట్‌లో మొలుస్తున్న ఊరు: సౌత్‌డేల్ కథ

ఏడాది పొడవునా లోపల ఒకే ఉష్ణోగ్రత ఉండేలా, పూర్తిగా పైకప్పు కింద కట్టిన అమెరికా తొలి సబర్బన్ మాల్ మినసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ నగర శివారు ఈడైనాలో ఉంది. పేరు సౌత్‌డేల్ సెంటర్. 1956 అక్టోబర్ 8న తెరిచారు. ఇవాళ ప్రపంచంలో ఏ నగర శివార్లలో మాల్‌కి వెళ్లినా ఇంచుమించు ఒకే అమరిక కనిపిస్తుంది. మధ్యలో పైనుంచి వెలుతురు పడే పెద్ద హాలు, చుట్టూ రెండు మూడంతస్తుల్లో చిన్న షాపులు, రెండు చివర్లా రెండు పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు, బయట ఎకరాలకొద్దీ పార్కింగ్. ఆ అమరిక ఇక్కడే స్థిరపడింది.

నేను ఆ మాల్‌కి దగ్గర్లోనే ఉంటాను. పెద్ద భవనాలకు హీటింగ్, కూలింగ్ డిజైన్ చేయడం నా ఉద్యోగం. అందుకే షాపుల కంటే ఆ భవనం మీద నాకు ఆసక్తి ఎక్కువ. కొన్నేళ్లుగా దాని చుట్టూ జరుగుతున్న మార్పులు చూస్తుంటే, ఈ మాల్ చరిత్ర తెలియకుండా దాని భవిష్యత్తు గురించి మాట్లాడుకోలేం అనిపిస్తోంది. ఎందుకంటే ఇప్పుడు "రీడెవలప్‌మెంట్" పేరుతో ఇక్కడ కడుతున్న వాటిలో చాలా భాగం మొదటి ప్లానులోనే ఉన్నాయి. అప్పుడు కట్టకుండా వదిలేశారు, అంతే.

ప్లాను గీసింది విక్టర్ గ్రూయెన్. 1903లో వియన్నాలో పుట్టిన యూదు ఆర్కిటెక్ట్. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించుకున్నాక అమెరికాకు పారిపోయి వచ్చాడు. న్యూయార్క్‌లో షాపుల ముంగిళ్లు డిజైన్ చేస్తూ పేరు తెచ్చుకున్నాడు. నడిచి తిరిగే వీధులు, కేఫ్‌లు, నలుగురూ కలిసే చౌరస్తాలు ఉన్న నగరంలో పెరిగిన మనిషి. అమెరికా శివార్లలో రోడ్డు పొడవునా తోచినట్టు లేచిన దుకాణాలు, వాటి ముందు కార్ల వరసలు చూసి తట్టుకోలేకపోయాడు. శివారుకు ఒక నడిబొడ్డు ఉండాలి, జనం కారు దిగి నడవాలి, ఊరికే కూర్చోవాలి, ఒకరినొకరు చూసుకోవాలి అన్నది అతని పట్టుదల. 1954లో డెట్రాయిట్ పక్కన నార్త్‌ల్యాండ్ సెంటర్ కట్టినప్పుడు ఈ ఆలోచనను ఆరుబయట అమలు చేశాడు. మినియాపొలిస్‌కి చెందిన డేటన్స్ డిపార్ట్‌మెంట్ స్టోర్ వాళ్లు అతన్ని పిలిచినప్పుడు మాత్రం ఆరుబయట కుదరదని తేలిపోయింది. ఇక్కడ ఏడాదిలో హాయిగా తిరిగి కొనుక్కునే వాతావరణం ఉండేది 126 రోజులే అని లెక్క వేసుకున్నారు. జనవరిలో మైనస్ ఇరవై సెల్సియస్ మామూలే. పైకప్పు వేసి, లోపల ఉష్ణోగ్రత 75 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే సుమారు 24 సెల్సియస్ దగ్గర నిలిపారు. నడుమ ఉన్న హాలుకి నిత్య వసంతం అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. అందులో చెట్లు, చిన్న కొలను, పక్షుల పంజరం, కేఫ్, హ్యారీ బెర్టోయా చేసిన బంగారు రంగు లోహపు చెట్ల శిల్పాలు ఉండేవి.

నా వృత్తి కాబట్టి ఒక మాట చెప్పి తీరాలి. పైకప్పు వేయడం విలాసం కాదు, లెక్కలోనూ కలిసొచ్చిన పని. షాపులన్నీ ఒకే హాలులోకి తెరుచుకుంటే ఒక్కో షాపుకీ చలికి తట్టుకునే ముందు గోడ, బయటి తలుపు అక్కర్లేదు. రెండంతస్తుల్లో దగ్గరదగ్గరగా పేర్చితే చలికి ఎదురయ్యే గోడలు తగ్గుతాయి. ఇంత లోతైన, అంటే బయటి గోడ నుంచి నడిమికి ఇంత దూరం ఉన్న భవనంలో దీపాల వేడి, మనుషుల వేడి లోపలే చిక్కుకుంటుంది. బయట మంచు కురుస్తున్నా నడిమి భాగానికి కూలింగ్ కావాల్సి వచ్చే రోజులుంటాయి. ఈ లోతు సంగతి గుర్తుపెట్టుకోండి, రీడెవలప్‌మెంట్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇంకో తెలివి నాన్నగారు పట్టుకునేదాకా నేను సరిగా గమనించలేదు. ఆయన రిటైర్డ్ సివిల్ ఇంజనీరు. చలికాలంలో మా దగ్గరికి వచ్చినప్పుడు మోకాళ్ల నొప్పులతో మంచులో నడవలేక, ఇంట్లో కూర్చోలేక ఇబ్బంది పడేవారు. ఉదయం పూట సౌత్‌డేల్‌లో దింపితే కారిడార్ల వెంట చుట్టూ తిరిగి నడిచేవారు. ఆయనలాగే వచ్చే పెద్దవాళ్లు చాలామంది ఉంటారు. స్పోర్ట్స్ షూస్ వేసుకుని, కోటు చేతిమీద వేసుకుని, ఏ షాపూ చూడకుండా నడుస్తుంటారు. ఒకరోజు రెండో అంతస్తు రెయిలింగ్ దగ్గర ఆగి అడిగారు, "అమ్మాయీ, మనం మెట్లెక్కామా?"

"లేదు నాన్నా, కార్లోంచి దిగి నేరుగా లోపలికొచ్చాం కదా."

"మరి పై అంతస్తులో ఎలా ఉన్నాం?"

బయటికి తీసుకెళ్లి చూపించారు. పార్కింగ్ స్థలాన్ని వాలుగా చెక్కారు. ఒకవైపు నేల పై అంతస్తుకి అందేలా, ఇంకోవైపు కింది అంతస్తుకి దిగేలా ఉంటుంది. ఏ వైపు కారు ఆపినా అటువైపు అంతస్తే గ్రౌండ్ ఫ్లోర్. అప్పట్లో జనం పై అంతస్తుకి ఎక్కరని, అక్కడి షాపులకు గిరాకీ ఉండదని వ్యాపారుల భయం. గ్రూయెన్ ఆ భయాన్ని మట్టిపనితో తీర్చేశాడు. నాన్నగారు ఆ వాలు వెంట చెయ్యి చాపి చూపిస్తూ, "ఇది కదా డిజైన్ అంటే" అన్నారు. నాకూ అదే అనిపించింది. ఎస్కలేటర్ పెట్టి ఊరుకుంటే సగం సమస్యే తీరేది.

పోటీ దుకాణాలైన డేటన్స్, డోనల్డ్‌సన్స్ రెంటినీ ఒకే కప్పు కింద రెండు చివర్లా పెట్టడం ఇంకో పెద్ద నిర్ణయం. పెద్ద దుకాణం నుంచి పెద్ద దుకాణానికి నడిచే జనం మధ్యలోని చిన్న షాపుల ముందు నుంచి వెళ్లక తప్పదు. మొత్తం 72 షాపులు, సుమారు రెండు కోట్ల డాలర్ల ఖర్చు.

అసలు ప్లాను ఇంతకంటే చాలా పెద్దది. డేటన్స్ ప్రాజెక్ట్ స్థలం 463 ఎకరాలు. అందులో మాల్ ఒక భాగం మాత్రమే. చుట్టూ అపార్ట్‌మెంట్లు, ఇళ్లు, స్కూళ్లు, వైద్య కేంద్రం, పార్కు, చెరువు రావాలి. ఇంట్లోంచి నడిచి మాల్‌కి వచ్చేవాళ్లు ఉండాలి. జరిగింది వేరు. మాల్ కట్టగానే చుట్టుపక్కల స్థలాల విలువ పెరిగిపోయింది. విలువ పెరిగిన స్థలాన్ని ఎవరికి నచ్చినట్టు వాళ్లు వాడుకున్నారు. గ్రూయెన్ గీసిన ఒద్దికైన ఊరు రాలేదు. విశాలమైన రోడ్లు, విడివిడి భవనాలు, ఒక్కోదాని చుట్టూ దాని సొంత పార్కింగ్ వచ్చాయి. 1965లో పక్కనే ఆసుపత్రి వచ్చింది, నిజమే. కానీ ఆసుపత్రి నుంచి మాల్‌కి నడవాలంటే దాటాల్సిన రోడ్లు, పార్కింగులు చూస్తే ఎవరైనా కారెక్కేస్తారు.

మాల్ ఒక్కటే ఎందుకు అంతగా పాకిందో చెప్పాలంటే పన్నుల చట్టం దగ్గరికి వెళ్లాలి. 1954లో అమెరికా కాంగ్రెస్ కొత్త వాణిజ్య భవనాల తరుగుదలను, అంటే ఏటా భవనం విలువ తగ్గినట్టు లెక్కలో రాసుకునే మొత్తాన్ని, తొలి ఏళ్లలోనే ఎక్కువగా చూపించుకునే వీలు కల్పించింది. అంతకుముందు దాన్ని నలభై ఏళ్లకు సమానంగా పంచాల్సి వచ్చేది. కొత్త పద్ధతిలో చేతికి డబ్బు వస్తున్నా కాగితం మీద నష్టం చూపించి పన్ను తగ్గించుకోవచ్చు. ఈ మేలు దక్కేది కొత్తగా కట్టినవాళ్లకే. నగరం మధ్యలోని పాత దుకాణాన్ని బాగు చేసుకునేవాడికి అంత లాభం లేదు. కాబట్టి పెట్టుబడి శివార్లలోని ఖాళీ పొలాల వైపు పరుగెత్తింది. జనం కార్లు కొన్నారు, శివార్లకు వెళ్లారు, మాల్స్ వచ్చాయి అని మనకు చెప్పే కథలో ఈ పన్ను సంగతి వినపడదు.

వినపడనిది ఇంకోటి కూడా ఉంది. ఈడైనాలో 1920లలో వేసిన కంట్రీ క్లబ్ డిస్ట్రిక్ట్ ఇళ్ల దస్తావేజుల్లో తెల్లవాళ్లు కానివాళ్లకు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అన్న షరతు రాసి ఉండేది. గ్రూయెన్ అందరి కోసం నడిబొడ్డు కట్టాననుకున్నాడు. ఆ "అందరూ" ఎవరో ఇళ్ల దస్తావేజులు ముందే తేల్చేశాయి. ఇవాళ అదే హాలులో సోమాలీ కుటుంబాలు, మెక్సికన్ పిల్లలు, మా నాన్నగారి లాంటి తాతలు కనిపిస్తే నాకు సంతోషంగా ఉంటుంది. ఆ సంతోషం వెనక ఈ చరిత్ర ఉందని మాత్రం మరిచిపోలేను.

డేటన్స్ సంస్థ అక్కడితో ఆగలేదు. 1962లో ఉత్తర శివారు బ్రూక్లిన్ సెంటర్‌లో బ్రూక్‌డేల్, 1969లో రోజ్‌విల్‌లో రోజ్‌డేల్, 1974లో మినటొంకాలో రిడ్జ్‌డేల్. ఆ 1962లోనే రోజ్‌విల్‌లో తొలి టార్గెట్ స్టోర్ తెరిచిందీ ఈ సంస్థే. కారులో వచ్చి, ఒకేచోట అన్నీ తక్కువ ధరకు కొనుక్కుని వెళ్లిపోయే టార్గెట్ లాంటి దుకాణాలే తర్వాత డిపార్ట్‌మెంట్ స్టోర్లకు గట్టి పోటీ అయ్యాయి. నగరం మధ్యలో మినియాపొలిస్ కూడా ఊరికే కూర్చోలేదు. 1962 నుంచి భవనాలను రెండో అంతస్తులో కలుపుతూ అద్దాల స్కైవేలు కట్టింది. 1967లో నికొలెట్ అవెన్యూని నడక వీధిగా మార్చింది. 1992లో సౌత్‌డేల్‌కి కొద్ది మైళ్ల దూరంలోనే బ్లూమింగ్టన్‌లో మాల్ ఆఫ్ అమెరికా తెరుచుకుంది.

మాల్ ఎలా చచ్చిపోతుందో చాలామందికి తెలియదు. ఆన్‌లైన్ షాపింగ్ అనేస్తాం. అదొక్కటే కారణం కాదు. పెద్ద దుకాణాన్ని యాంకర్ అంటారు. చాలా చోట్ల యాంకర్ తన భవనానికీ, ముందున్న పార్కింగ్‌కీ తనే యజమాని. మాల్ కంపెనీది మధ్య భాగం మాత్రమే. పార్కింగ్ లాట్‌లో ఎవరు ఎక్కడ కట్టొచ్చు, ఎవరి బోర్డు కనపడకుండా అడ్డు రాకూడదు అన్నవి దశాబ్దాల కిందటి ఒప్పందాల్లో రాసి ఉంటాయి. ఒకరు ఒప్పుకోకపోతే ఇటుక కదలదు. ఇక చిన్న షాపుల లీజుల్లో ఇంకో షరతు ఉంటుంది. యాంకర్ మూతపడితే మా అద్దె తగ్గాలి, లేదా ఖాళీ చేసి వెళ్లిపోయే హక్కు ఉండాలి అని. అందుకే ఒక పెద్ద దుకాణం మూతపడగానే అటువైపు కారిడార్‌లో అద్దెలు పడిపోతాయి, షాపులు ఒకటొకటిగా వెళ్లిపోతాయి. అద్దె తగ్గితే మరమ్మతులకు డబ్బుండదు. కప్పు కారుతుంది. వచ్చే జనం ఇంకా తగ్గుతారు.

బ్రూక్‌డేల్‌కి అదే జరిగింది. 2011లో దాన్ని చాలావరకు కూల్చేశారు. అక్కడ ఇప్పుడు షింగిల్ క్రీక్ క్రాసింగ్ ఉంది. 2023లో మూతపడేదాకా వాల్‌మార్ట్, దానితో పాటు విడివిడి షాపులు, వాటి ముందు మళ్లీ పార్కింగ్. దాన్నీ రీడెవలప్‌మెంట్ అనే అన్నారు. పన్నులొస్తున్నాయి, ఉద్యోగాలొచ్చాయి, కాదనను. కానీ చలికాలంలో ముసలివాళ్లు నడిచే హాలు పోయింది. ఒక షాపు నుంచి ఇంకో షాపుకి మంచులో కారు తీసి మళ్లీ పార్క్ చేయాలి. గ్రూయెన్ దేన్ని చూసి తట్టుకోలేకపోయాడో సరిగ్గా అదే, మాల్ కూలిన చోట తిరిగి లేచింది. ఒకే సంస్థ, ఒకే కాలం, ఒకే రకం భవనం. సౌత్‌డేల్ బతికింది, బ్రూక్‌డేల్ కూలింది. భవనంలో ఉన్న తేడా కంటే, చుట్టూ ఉన్నవాళ్ల ఆదాయంలో ఉన్న తేడాయే దీన్ని ఎక్కువగా నిర్ణయించిందని నా అభిప్రాయం.

సౌత్‌డేల్‌లో మార్పు బయటి నుంచి మొదలైంది. పార్కింగ్ లాట్ మీద 2010ల మధ్యలో అపార్ట్‌మెంట్లు లేచాయి, తర్వాత హోటల్ వచ్చింది. మూతపడిన జేసీ పెన్నీ డిపార్ట్‌మెంట్ స్టోర్ స్థానంలో 2019 చివర్లో మూడంతస్తుల ఫిట్‌నెస్ క్లబ్ తెరుచుకుంది. ఇంత స్థలం ఎక్కడిది అంటే, అది ఎప్పుడూ అక్కడే ఖాళీగా ఉంది. 1960ల నాటి పరిశ్రమ ప్రమాణం ప్రకారం ప్రతి వెయ్యి చదరపు అడుగుల దుకాణానికి ఐదున్నర కార్లకు చోటు వదలాలి. ఒక కారుకి, దారితో కలిపి, మూడు వందల చదరపు అడుగులకు పైనే పడుతుంది. అంటే దుకాణం కంటే దాని కార్లకు ఎక్కువ నేల. 1980లలో ఆ ప్రమాణాన్ని తగ్గించారు. అయినా ఏడాదిలో బాగా రద్దీగా ఉండే గంటల్లో ఇరవయ్యో గంటను లెక్కలోకి తీసుకుని పార్కింగ్ వేస్తారు. మిగతా వేల గంటలు అందులో చాలా భాగం ఖాళీయే. నాన్నగారు ఫిబ్రవరిలో మాల్ వెనక వైపు ఆ ఖాళీ గళ్లను చూసి, "ఇంత నేలని మంచు తీయడానికే వాడుతున్నారేమిటి" అన్నారు. మంచు ఎత్తే బండి నిజంగానే అటూ ఇటూ తిరుగుతోంది.

డిపార్ట్‌మెంట్ స్టోర్ భవనాన్నే అపార్ట్‌మెంట్లుగా మార్చొచ్చు కదా అని స్నేహితులు అడుగుతుంటారు. నేను ఇందాక చెప్పిన లోతు దగ్గరే చిక్కంతా. పడకగదికి కిటికీ కావాలి. కిటికీ నుంచి పాతిక ముప్పై అడుగులు దాటితే పగటి వెలుతురు అందదు. డిపార్ట్‌మెంట్ స్టోర్ ఒక్కో అంతస్తు వందల అడుగుల వెడల్పు, గోడలకు కిటికీలే ఉండవు. మధ్యలో పెద్ద బావిలా కోసి వెలుతురు తేవాలి, లేదా కూల్చాలి. అందుకే కిటికీ లేకపోయినా నడిచే వాడకాలే అక్కడ బాగా కుదురుతాయి. జిమ్, క్లినిక్, లైబ్రరీ, క్లాసురూములు. టెనెసీలోని నాష్‌విల్‌లో వన్ హండ్రెడ్ ఓక్స్ మాల్‌లో 2009 నుంచి వాండర్‌బిల్ట్ వైద్య కేంద్రం క్లినిక్కులు నడుపుతోంది. కింద షాపులు, పైన డాక్టర్లు. టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో హైలాండ్ మాల్‌ని కమ్యూనిటీ కాలేజీ కొనుక్కుని, 2014లో పాత జేసీ పెన్నీలో తరగతులు మొదలుపెట్టింది. కొలరాడోలోని లేక్‌వుడ్‌లో 1966 నాటి విల్లా ఇటాలియా మాల్‌ని పూర్తిగా తీసేసి, వంద ఎకరాలకు పైగా స్థలంలో వీధులు వేసి, 2004లో బెల్మార్ అని కొత్త డౌన్‌టౌన్ తెరిచారు. సియాటిల్ నార్త్‌గేట్ 1950 నాటిది. 2021లో దాని పక్కకే లైట్ రైల్ వచ్చింది, మాల్ స్థలంలో ఐస్ రింకులు వచ్చాయి.

వీటన్నిట్లో నాకు హైలాండ్ నచ్చుతుంది. యజమాని కాలేజీ కాబట్టి.

ఎందుకో చెప్తాను. మాల్ హాలు చౌరస్తాలా కనిపిస్తుంది కానీ ప్రైవేట్ ఆస్తి. 1972లో సుప్రీంకోర్టు, ఆరెగాన్‌లోని లాయిడ్ సెంటర్ కేసులో, మాల్ లోపల వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచడాన్ని యజమాని ఆపొచ్చని చెప్పింది. 1980లో కాలిఫోర్నియా ప్రూన్‌యార్డ్ కేసులో, రాష్ట్రాలు తమ రాజ్యాంగం కింద అంతకంటే ఎక్కువ హక్కు ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చని చెప్పింది. మినసోటా ఇవ్వలేదు. 1999లో మాల్ ఆఫ్ అమెరికా కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు యజమాని పక్షమే తీసుకుంది. అంటే గ్రూయెన్ కట్టిన నడిబొడ్డులో కరపత్రం పంచడమే కాదు, ఊరికే కూర్చోవడం కూడా యజమాని దయ మీదే ఆధారపడి ఉంది.

అది నేను కళ్లారా చూశాను. ఈ దేశంలోనే ఇంకో మాల్‌లో, పేరు ఎందుకులెండి, రీమోడలింగ్ తర్వాత కారిడార్‌లో బెంచీలు మాయమయ్యాయి. వాటి స్థానంలో ఫోన్ కవర్లు అమ్మే స్టాళ్లు వచ్చాయి. నాన్నగారు కూర్చోవడానికి చోటు వెతుక్కుంటూ చివరికి చెప్పుల షాపులో ట్రయల్ వేసే స్టూల్ మీద కూర్చున్నారు. అక్కడి అబ్బాయి మర్యాదగానే "ఏం చూపించమంటారు సార్" అని అడిగాడు. నాన్నగారు గబుక్కున లేచిపోయారు. ఆయన మొహం చూసి నాకు కలిగిన బాధ ఇంకా తగ్గలేదు.

గ్రూయెన్ 1968లో వియన్నాకి తిరిగి వెళ్లిపోయాడు. 1976లో ఆ నగరం బయట కూడా ఒక భారీ షాపింగ్ సెంటర్ లేచింది. తన పేరు చెప్పి ప్రపంచమంతా కడుతున్న మాల్స్‌తో తనకు సంబంధం లేదని 1978లో లండన్‌లో గట్టిగా ప్రకటించాడు. చుట్టూ ఊరు లేకుండా మాల్ ఒక్కటే కట్టడం తన ఆలోచన కాదన్నాడు. 1980లో చనిపోయాడు. సౌత్‌డేల్ పార్కింగ్‌లో అపార్ట్‌మెంట్లు లేవడానికి ఇంకా ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

ఈ ప్రాంతంలో నాకు ధైర్యం ఇచ్చే చోటు ఒకటుంది. మాల్‌కి దక్షిణంగా కాస్త దూరంలో ఒకప్పటి కంకర గుంతను సెంటెనియల్ లేక్స్ పార్కుగా మార్చారు. చెరువు, చుట్టూ నడక దారి, దాని పక్కన ఇళ్లు, ఆఫీసులు. చలికాలంలో నీళ్లు గడ్డకట్టాక పిల్లలు స్కేటింగ్ చేస్తారు. పార్కు నగరానిది. అక్కడ కూర్చున్నవాణ్ణి ఏం కొంటావని ఎవరూ అడగరు. గ్రూయెన్ ప్లానులోని చెరువు వేరే చోట, వేరే వాళ్ల చేతుల మీదుగా వచ్చింది.

2018లో ఈడైనా నగరం గ్రేటర్ సౌత్‌డేల్ డిస్ట్రిక్ట్ ప్లాన్ తయారుచేసింది. పెద్ద పెద్ద బ్లాకులను చిన్నవిగా విడగొట్టాలి, నడవడానికి వీలైన వీధులు రావాలి అన్నది దాని సారం. నేను పూర్తిగా సమర్థిస్తాను. అయితే ఎన్ని ఫ్లాట్లు, ఎన్ని అంతస్తులు అన్న దాని మీద జరిగే చర్చలో సగమైనా, కప్పు కింద ఉన్న ఆ హాలు మీద జరగాలి. డెవలపర్ అదనపు అంతస్తులు అడిగినప్పుడు, జోనింగ్, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చన్న నియమం, మార్చమన్నప్పుడు నగరం చేతిలో బేరమాడే శక్తి ఉంటుంది. కట్టడం అయిపోయాక ఉండదు. కాబట్టి అప్పుడే, అనుమతి పత్రంలోనే రాయించుకోవాలి. కొత్త అపార్ట్‌మెంట్ల నుంచి హాలులోకి మంచులో దిగకుండా నడిచే దారి. షాపులు తెరవకముందు కూడా నడవనిచ్చే వేళలు. ఏమీ కొననివాళ్లూ వాడుకునే టాయిలెట్లు. వీపు ఆనించుకునే బెంచీలు, ఇన్ని అడుగులకొకటి చొప్పున. యాజమాన్యం మారినా ఇవి మారకుండా స్థలం దస్తావేజుకే ముడిపెట్టాలి. ఒకప్పుడు ఈడైనాలో ఎవరు ఉండకూడదో రాయడానికి వాడిన దస్తావేజులే కదా, ఇప్పుడు ఎవరైనా కూర్చోవచ్చని రాయడానికి వాడదాం.

ఈసారి ప్లానింగ్ కమిషన్ విచారణ ఎప్పుడు పెట్టినా వెళ్లి ఈ నాలుగూ అడగబోతున్నాను. ఈడైనా, రిచ్‌ఫీల్డ్, బ్లూమింగ్టన్ వైపు ఉన్న మనవాళ్లు ఎవరైనా వస్తే బాగుంటుంది. మాట్లాడటానికి ఒక్కొక్కరికి ఇచ్చేది కొద్ది నిమిషాలే. అందుకే ముందే పంచుకుని, బెంచీల గురించి ఒకరు, వేళల గురించి ఒకరు మాట్లాడదాం.